తెల్లకొంగ, నల్లజింక, ఎండ సెగ: ఫోటోగ్రఫీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాలమూరు, నల్లగొండ వైపు నుంచే. ఊళ్లు వేరైనా చిక్కు దాదాపు ఒకటే: వెలుతురు మరీ ఎక్కువ, లేదా మరీ తక్కువ, లేదా ఒకే ఫ్రేములో రెండూ. కొన్ని ఉత్తరాలను కుదించి ఇస్తున్నాం, ఒక్కోదాని కిందే మా జవాబు.

మాది మక్తల్ దగ్గర పల్లె. మా చేన్లకు కృష్ణజింకలు మందలు మందలుగా వస్తయి. 70-300 లెన్స్‌తోని తీస్తున్న. మగజింక వీపు బొగ్గుముద్ద లెక్క పడుతున్నది. వీపు కనపడేటట్టు తీస్తే పొట్ట సున్నం కొట్టినట్టు తెల్లగ పోతున్నది. రెండూ దక్కాలంటే ఎట్ల?

లోపం మీ కెమెరాలో లేదు. మగ కృష్ణజింక ఒంటి మీదే ఈ తగాదా ఉంది. నల్లటి వీపు, దాన్ని ఆనుకునే తెల్లటి పొట్ట, తెల్లటి గడ్డం, కంటి చుట్టూ తెల్ల వలయం. పక్కనుంచి వాలుగా ఎండ పడితే పొట్ట భగ్గున వెలుగుతుంది, వీపు మాత్రం వెలుతురుని మింగేస్తుంది.

ఇలాంటప్పుడు తెల్లదనాన్ని కాపాడుకోవాలి. నల్లదనాన్ని ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో పైకి తేవచ్చు. సెన్సర్ మీది ఒక్కో చుక్క ఒక చిన్న గిన్నె లాంటిది. వెలుతురు నిండి పొర్లిపోయిందంటే అక్కడి వెంట్రుకల వివరం ఇక ఎక్కడా ఉండదు. అడుగున కొంచెమే పడితే మాత్రం ఆ కొంచెం ఉంటుంది, దాన్ని పెంచుకోవచ్చు.

రా ఫైల్ (సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే ఫైల్) పెట్టుకోండి. పిక్చర్ స్టైల్‌ని (కెమెరా రంగులు దిద్దే తీరు) న్యూట్రల్‌కి మార్చండి. కెమెరా తెర మీద కనిపించే హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్), తెల్లగా పోయిన చోట మిణుకుమనే హెచ్చరిక, ఈ రెండూ రా నుంచి కాదు, కెమెరా తయారుచేసుకున్న జేపెగ్ నుంచి వస్తాయి. స్టాండర్డ్‌లోనో వివిడ్‌లోనో ఉంటే తెలుపు పోకపోయినా పోయిందని భయపెడతాయి. తర్వాత మాన్యువల్ మోడ్‌లో షట్టర్ (వెలుతురు లోపలికి పడే సమయం) 1/1000 సెకను, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/5.6, ఐఎస్ఓ (పడిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400తో మొదలుపెట్టి ఒక ఫోటో తీసి పొట్ట దగ్గర చూడండి. మిణుకుమంటుంటే ఐఎస్ఓ ఒక మెట్టు దించండి, మళ్లీ తీయండి. మిణుకు ఆగిన మెట్టు దగ్గర ఆపేయండి. ఐఎస్ఓ 100కి దిగినా ఆగకపోతే షట్టర్ వేగం పెంచండి. అక్కణ్నుంచి పది నిమిషాలకోసారి సరిచూసుకుంటే చాలు. మందలో గోధుమరంగు ఆడజింకలు కూడా ఇదే సెట్టింగ్‌లో బాగానే వస్తాయి.

ఇంటికొచ్చాక షాడోస్ పెంచితే వీపు ఒకటిన్నర స్టాప్ దాకా హాయిగా పైకొస్తుంది (ఒక స్టాప్ పెంచితే వెలుతురు రెట్టింపు, తగ్గిస్తే సగం). అంతకు మించి లాగితే ఆ నిగనిగ పోయి బూడిద పూసినట్టవుతుంది. అది నల్లని జంతువు. కొంత నల్లగా ఉండనివ్వడమే న్యాయం.

వేళ విషయానికొస్తే, పొద్దు పొడిచిన మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు ఎండ మెత్తగా ఉండి నలుపు తెలుపుల మధ్య దూరం తగ్గుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఇంకా మేలు. సూర్యుడు మీ భుజం వెనక ఉంటే జింక కంట్లో చిన్న మెరుపు పడుతుంది. ఆ మెరుపు లేకపోతే నల్లని తలలో నల్లని కన్ను కలిసిపోతుంది. సూర్యుడు జింక వెనకే ఉన్నాడా? అయితే దాని వెనక కంది చేనో తుమ్మచెట్ల నీడో, ఏదో ఒక ముదురు నేపథ్యం వచ్చేదాకా ఆగండి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు చూపినదానికన్నా ఒకటి, ఒకటిన్నర స్టాప్ తగ్గించి తీస్తే మెలి తిరిగిన కొమ్ముల అంచున, వెన్ను మీద వెలుగు గీత మాత్రమే నిలుస్తుంది.

ఒక మాట. బండి మీద తరిమి, పరుగెత్తించి తీయకండి. మంద చెదిరితే తొక్కుడు పడేది ఎవరో ఒక రైతు చేను. పైగా కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువు.

150-600 లెన్స్ కొత్తగా కొన్నాను. మహబూబ్‌నగర్ పక్కన చెరువు గట్టు నుంచి ఏప్రిల్‌లో తీసిన ఫోటోలన్నీ మెత్తగా, నీళ్లలో నుంచి చూసినట్టు ఉన్నాయి. పొద్దున ఏడింటివి మాత్రం బాగున్నాయి. లెన్స్ వాపసు ఇవ్వాలా?

తొందరపడకండి. ఏడింటివి బాగున్నాయన్న మాటలోనే జవాబు ఉంది. లెన్స్ చెడితే ఏడింటికీ చెడుతుంది, పదింటికీ చెడుతుంది.

ఇది ఎండ సెగ. తారురోడ్డు మీద ఎండమావి ఆడినట్టే ఎండిన చెరువు శిఖం మీదా, బండల మీదా వేడిగాలి పైకి లేస్తుంది. వేడిగాలి పలచన, చల్లగాలి చిక్కన. వాటి గుండా వచ్చే వెలుతురు ప్రతి క్షణం ఒక్కో వైపు వంగుతుంది. కంటికి అంతగా తెలియదు. 600 మిల్లీమీటర్ల లెన్స్ మాత్రం పక్షితో పాటు ఆ వంకర్లనూ పెద్దది చేసి చూపిస్తుంది. ఆటోఫోకస్ కూడా ఆ అలల మీద తడబడుతుంది.

ఖాయం చేసుకోవాలంటే ఒక పరీక్ష చేయండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, వంద మీటర్ల దూరంలో కదలని రాయి మీద మాన్యువల్‌గా ఫోకస్ చేసి వరసగా ఇరవై ఫోటోలు తీయండి. కొన్ని పదునుగా, కొన్ని మెత్తగా, అంచులు ఒక్కోదాంట్లో ఒక్కోలా వంగి ఉంటే అది సెగ. ఇరవైకి ఇరవై ఒకేలా మెత్తగా ఉంటే లెన్స్‌నో ఫోకస్‌నో అనుమానించాలి. ఇదే పరీక్షను చల్లని వేళ పది మీటర్ల దూరంలో మళ్లీ చేస్తే ఏ సందేహమూ మిగలదు.

సెగకు సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు. షట్టర్ పెంచితే వంకర గడ్డకట్టుకుపోతుందే గాని తిన్నబడదు. చేయగలిగింది దూరం తగ్గించడం. మధ్యలో గాలి ఎంత తక్కువుంటే వంకర అంత తక్కువ. వంద మీటర్ల దూరాన ఉన్న కొంగను 600తో తీసే బదులు, గట్టు కింద తుంగ చాటున ముందే కూర్చుని ముప్పై మీటర్లకు వచ్చినదాన్ని 300తో తీయండి. నేలకు మరీ ఆనుకుని పడుకుని తీస్తే వెనక అందంగా మసకబారుతుంది, నిజమే. కానీ సెగ అన్నిటికన్నా చిక్కగా ఉండేదీ నేలను అంటుకునే. వేసవిలో ఏడున్నర, ఎనిమిది దాటాక ఆ భంగిమ మానండి. మబ్బు కమ్మితే కాసేపట్లోనే సెగ తగ్గుతుంది, కెమెరా సంచిలో పెట్టేయకండి.

సాయంత్రం కూడా పొద్దుటితో సమానమేనని చాలామంది అనుకుంటారు. పాలమూరు గుండ్లు, బండలు పగలంతా తాగిన వేడిని పొద్దుగూకాక కూడా వదులుతూనే ఉంటాయి. బండల మీదుగా తీసేటప్పుడు పొద్దుటి గంటే నమ్మదగ్గది.

కారులోంచి తీసేవాళ్లు ఇంకో సెగను వెంట తెచ్చుకుంటారు. ఏసీ వేసుకుని కూర్చుని అద్దం దించి వెంటనే తీస్తే, లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి సరిగ్గా లెన్స్ ముందే కలుస్తాయి. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి ఐదు నిమిషాలు ఆగండి. వేడెక్కిన బానెట్ మీదుగా అసలే తీయకండి. లెన్స్ ముందు తొడిగే పొడవాటి నల్ల హుడ్ ఎండకు కాగితే దానిలో గాలి కూడా ఆడుతుంది. లెన్స్ మీద నేరుగా ఎండ పడని కోణంలో దాన్ని తీసేసి చూడండి.

నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రంలో తెల్లకొంగలు ఎగిరేటప్పుడు తీస్తుంటే రెక్కల్లో ఈకలే కనిపించవు, అట్టముక్కలా ఉంటాయి. తెల్లవాటికి ప్లస్ పెట్టాలని చదివి ప్లస్ పెట్టాను, ఇంకా పాడైంది.

మీరు చదివింది సగమే. ప్లస్ అంటే మీటరు చూపినదానికన్నా వెలుతురు పెంచడం, మైనస్ అంటే తగ్గించడం. కెమెరా మీటరుకు కొంగ తెలియదు, నీళ్లు తెలియవు. ఫ్రేములో ఉన్నదాన్నంతా కలిపి మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. కొంగ ఫ్రేము నిండా ఉంటే అంతా తెలుపే కాబట్టి మీటరు దాన్ని మసకబరుస్తుంది, అప్పుడు ప్లస్ కావాలి. మీ కొంగ ఫ్రేములో పదో వంతు, మిగతాదంతా ముదురు నీళ్లు. మీటరు నీళ్లను వెలిగించబోయి కొంగను కాల్చేస్తుంది. దీనికి మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా కావాలి. అదే కొంగ లేచి తెల్లటి ఆకాశం మీదికి వెళ్లిందా, ప్లస్ 1 కావాలి. రెండు సెకన్లలో ఇదంతా ఎవరు తిప్పగలరు?

అందుకే ఎగిరే కొంగకు మాన్యువలే సుఖం. కొంగ నీటి మీదున్నా ఆకాశం మీదున్నా దానిపై పడే ఎండ ఒక్కటే. మారేది నేపథ్యం. నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/16, షట్టర్ ఐఎస్ఓ అంకెకు తలకిందులు అన్న పాత లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఐఎస్ఓ 400 అయితే ఎఫ్/16 దగ్గర 1/400, అంటే ఎఫ్/8 దగ్గర 1/1600. తెల్లకొంగకు ఒక స్టాప్ తగ్గించి 1/3200. పొద్దున ఎనిమిది లోపు ఎండలో బలం సుమారు ఒక స్టాప్ తక్కువ కనుక, ఎఫ్/8, 1/1600తో మొదలుపెట్టి గట్టున నిలబడ్డ కొంగ మీద సరిచూసుకోండి. రెక్క కింది భాగానికి నీటి మీది వెలుగు ఎగదన్నే చోట తీస్తే అక్కడి ఈకలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

పక్కనే రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకి సంగతి దీనికి సరిగ్గా ఎదురు. దానికి ఇదే సెట్టింగ్ మీద ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచాలి. కొంగ, నీటికాకి ఒకే ఫ్రేములో ఉంటే కొంగ పక్షమే వహించండి.

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో సాయంత్రం సఫారీకి వెళ్తే దుప్పులు, కణుతులు కనిపించేసరికి చీకటి పడుతోంది. నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) భయంతో ఐఎస్ఓ 1600 దాటను. ఫోటోలు చీకటిగా, కదిలినట్టు వస్తున్నాయి. ఆకుపచ్చ రంగు కూడా అంతటా పూసినట్టు ఉంటోంది.

ఆ 1600 గీతే మిమ్మల్ని దెబ్బతీస్తోంది. ఐఎస్ఓ 1600 దగ్గర రెండు స్టాప్‌లు చీకటిగా తీసి కంప్యూటర్‌లో వెలిగిస్తే, ఐఎస్ఓ 6400 దగ్గర సరిగా తీసినదానికన్నా నాయిస్ ఏ మాత్రం తగ్గదు. చాలా కెమెరాల్లో ఇంకా ఎక్కువగా, నీడల్లో ఊదా మచ్చలతో కనిపిస్తుంది. నాయిస్ పుట్టేది ఐఎస్ఓ అంకె వల్ల కాదు, వెలుతురు చాలకపోవడం వల్ల. గరుకుని ఇప్పటి సాఫ్ట్‌వేర్ చాలా మటుకు తీసేస్తుంది. కదిలిన కన్నును ఏదీ బాగుచేయలేదు.

మాన్యువల్ మోడ్‌లో ఆటో ఐఎస్ఓ పెట్టండి. చిన్న సెన్సర్ కెమెరాకు పైహద్దు 6400, ఫుల్ ఫ్రేమ్‌కు 12800. ఎపర్చర్ పూర్తిగా తెరిచేయండి. ఇక మీ చేతిలో మిగిలేది షట్టర్ ఒక్కటే. నడుస్తున్న దుప్పికి 1/500, మేస్తున్నదానికి 1/250, తలెత్తి మీవైపే చూస్తూ బిగుసుకుపోయినదానికి 1/125 చాలు. వెనక చెట్ల సందుల్లోంచి తెల్లటి ఆకాశం కనిపిస్తుంటే మాత్రం మీటరు మోసపోతుంది, ప్లస్ 1 ఇవ్వండి. స్టెబిలైజర్ ఆపేది మీ చేతి వణుకునే, జంతువు కదలికను కాదు. దుప్పి ఒళ్లు కదలకపోయినా చెవులు ఆడుతుంటాయి. అందుకే 1/125 దగ్గర ఒకటి తీసి ఊరుకోకుండా ఐదారు వరసగా తీయండి, వాటిలో ఒకటి నిలుస్తుంది.

జీపులో ట్రైపాడ్ దండగ. చిన్న సంచి మేలు. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి కింద నుంచి అడుగున్నర పొడవు కత్తిరించి, ఒక వైపు రెండు వరసలు కుట్టండి. రెండు కిలోల జొన్నలు ముందు ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టి, దాన్ని ఇందులో పెట్టి రెండో వైపూ కుట్టేయండి. మూడు వంతులే నిండాలి. బిగించి నింపితే దిండులా గుండ్రంగా తేలి లెన్స్ దొర్లుతుంది. వదులుగా ఉంటే గింజలు పక్కలకు జరిగి లెన్స్ తనకు తానే గుంట చేసుకుంటుంది. తలుపు అంచు మీద వేసి, లెన్స్‌ని దాని మీద పెట్టి, పైనుంచి ఎడమచేత్తో మెల్లగా అదమండి. వానకు తడిస్తే గింజ ఉబ్బి మొలకెత్తుతుంది, ఏడాదికోసారి మార్చండి. అడవిలో ఒక్క గింజ కూడా కింద రాలనివ్వకండి, కోతులకు అలవాటవుతుంది.

డ్రైవర్‌ని ఇంజిన్ ఆపమని ముందే చెప్పి పెట్టుకోండి. ఆ అదురు 1/250 దగ్గర కూడా ఫోటోలో కనిపిస్తుంది. వెంట చెంచు గైడ్ ఉంటే ఏ జంతువు ఎక్కడుంటుందని మాత్రమే కాదు, ఏ నీటిగుంట మీద ఎండ చివరిదాకా ఉంటుందో కూడా అడగండి. ఆ ఒక్క సంగతి రెండు స్టాప్‌లు ఎక్కువ వెలుతురు పట్టే లెన్స్‌తో సమానం. మనది 16, 17 డిగ్రీల అక్షాంశం. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. పొద్దుగూకాక పనికొచ్చే వెలుతురు ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే. చెట్ల కింద అది కూడా ఉండదు.

ఆకుపచ్చ పూత ఆకుల గుండా వడిసి వచ్చే వెలుతురుది. రా తీస్తే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగు సరిచేసే అమరిక) 5500 కెల్విన్ దగ్గర పెట్టి, టింట్‌ని (ఆకుపచ్చ, మెజెంటాల సర్దుబాటు) మెజెంటా వైపు పది, పదిహేను జరపండి. కొలత కోసం దుప్పి ఒంటి మీది తెల్ల చుక్కలు చూడండి. అవి తెల్లబడ్డాయంటే రంగు కుదిరినట్టే.

మల్లెలతీర్థం జలపాతాన్ని దారాలు జారినట్టు తీయాలని రెండు సెకన్లు పెట్టాను. మధ్యాహ్నం పన్నెండు గంటలు. ఫోటో అంతా తెల్ల మచ్చలే.

అడవి లోయలోని జలపాతానికి నడి మధ్యాహ్నం తగిన వేళ కాదు. ఎండ ఆకుల సందుల్లోంచి నీళ్ల మీద ముక్కలుముక్కలుగా పడుతుంది. ఎండ ముక్కకు, పక్కన నీడలోని రాతికి మధ్య ఐదారు స్టాప్‌ల తేడా ఉంటుంది. లోయలోకి ఎండ దిగకముందు గాని, మబ్బు పట్టినప్పుడు గాని వెళ్లండి. అదే సగం పని.

తర్వాత ఫిల్టర్లు. ముందుగా పోలరైజర్. తడి బండల మీద, ఆకుల మీద ఉండే తెల్లటి తళుకును కోసేస్తుంది, పనిలో పనిగా ఒకటిన్నర స్టాప్ వెలుతురూ తగ్గిస్తుంది. తిప్పుతూ చూసి బండ నల్లబడ్డ చోట ఆపాలి. నీడ వేళల్లో చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది. ఇంకా తగ్గాలంటే ఆరు స్టాప్‌ల ఎన్‌డీ, అంటే వెలుతురుని తగ్గించే ముదురు ఫిల్టర్. అది వెలుతురుని 64వ వంతుకి తెస్తుంది. ఫిల్టర్ లేకుండా 1/15 వచ్చిన చోట నాలుగు సెకన్లవుతుంది. కానీ నాలుగు సెకన్లు ఎక్కువే. అర సెకను దగ్గర నీళ్లు పాయలు పాయలుగా కనిపిస్తాయి, నాలుగు సెకన్లకు పాలు పోసినట్టయి జలపాతం ఆకారమే పోతుంది. మా మాట వినండి, 1/4 నుంచి 1 సెకను మధ్య నాలుగైదు రకాలు తీసి ఎంచుకోండి. షట్టర్ నెమ్మది చేయడానికి ఎఫ్/22కి వెళ్లకండి, అక్కడ ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/11 దగ్గర ఆగండి.

మీటరు పెట్టేది నీటి తెలుపు మీద. అది మిణుకుమనకుండా తీసి, బండల కోసం రెండు స్టాప్‌లు పెంచి ఇంకోటి తీయండి, తర్వాత కలపవచ్చు. గాలికి ఆకులు ఊగుతుంటే వాటి కోసం ఐఎస్ఓ పెంచి 1/125తో మూడోది. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడూ ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ తుంపర వచ్చి లెన్స్ మీద కూర్చుంటుంది. రెండు ఫోటోలకోసారి తుడిచే పొడిగుడ్డ జేబులో ఉండాలి. డ్యామ్ మీద ఎక్కడ ఫోటో తీయనిస్తారో అక్కడి భద్రతా సిబ్బందిని అడిగాకే ట్రైపాడ్ వేయండి.

కొల్లాపూర్ నుంచి డిగ్రీ విద్యార్థిని. నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. సోమశిల దగ్గర కృష్ణ మీద సూర్యాస్తమయం తీస్తే సూర్యుడు తెల్లటి బిళ్లలా, ఆకాశం పాలిపోయి వస్తోంది.

ఫోన్ చాలమ్మా. తెర మీద సూర్యుడి పక్కన ఉన్న ఆకాశాన్ని వేలితో నొక్కి పట్టుకో, లాక్ పడుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరుపు, నారింజ రంగు చిక్కబడేదాకా. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ని ఎండ గుర్తు మీద, 5500 దగ్గర పెట్టు. ఆటోలో వదిలేస్తే ఆ ఎరుపునే తప్పనుకుని సరిదిద్దేస్తుంది. లెన్స్ అద్దాన్ని ముందు చున్నీ కొసతో తుడవాలి. వేలిముద్ర జిడ్డు ఉంటే సూర్యుడి నుంచి గీతలు సాగుతాయి. వేళ్లతో లాగి జూమ్ చేయకు, ఒడ్డున ఉన్న పుట్టినో మనిషినో నల్లని ఆకారంగా ముందు పెట్టుకుని తీయి. సూర్యుడు మునిగాక పావుగంట ఉండు. నీళ్ల మీద ఊదా, గులాబీ రంగులు వచ్చేది అప్పుడే. నైట్ మోడ్ వాడితే ఫోన్‌ని రాయికి ఆనించి పెట్టు, చేత్తో పట్టుకోకు.

దేవరకొండ కోట మీదికి తెల్లవారుజామున వెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టి అరగంట పోయింది.

చల్లటి కెమెరాకు తేమగాలి తగిలితే ఆవిరి పడుతుంది. ఏసీ గదిలోంచో కారులోంచో బయటికి తెచ్చేముందు కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. బయట ఇరవై, ముప్పై నిమిషాలుంచాక తెరవండి. తేమ సంచి మీద పడుతుంది, అద్దం మీద కాదు. ఈలోగా మెట్లు ఎక్కేయొచ్చు. ఇప్పటికే పట్టి ఉంటే తుడుస్తూ కూర్చోకండి, మళ్లీ పడుతుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆ సమయంలో లెన్స్ మార్చడం, సెన్సర్ మీద కూడా పడుతుంది.

రాత్రి గుడ్లగూబ గూటి దగ్గర ఫ్లాష్ వాడొచ్చా?

వద్దు. చీకట్లో పూర్తిగా తెరుచుకున్న కంట్లో ఆ మెరుపు పడితే పక్షి కాసేపు చూపు ఆనక తడబడుతుంది. గూడు వదిలి ఎగిరిపోతే గుడ్లు, పిల్లలు చల్లబడతాయి, వేరే జంతువుల పాలవుతాయి. పక్షి గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని చట్టం వేటలోనే చేర్చింది. గూటికి దూరంగా, పొద్దుగూకిన వెంటనే అది బయటికొచ్చి కూర్చునే కొమ్మను రెండు మూడు రోజులు గమనించండి. ఆకాశంలో ఇంకా నీలం ఉన్న ఆ పది నిమిషాల్లో ఐఎస్ఓ 6400, 1/60, జొన్నల సంచి. గుడ్లగూబ కదలకుండా కూర్చోవడంలో దిట్ట, 1/60 సరిపోతుంది.